పెత్రోనా చాపని బార

పెత్రోనా చక్లాన్ గ్వాటెమాలా కొండల్లోని తోతో ఊరి సంతలో ముప్పై ఒక్క ఏళ్ళు బట్ట అమ్మింది. ఆ ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్కసారి కూడా నలుగురి ముందు చేతులు బార చాపలేదు.

బట్ట అమ్మేవాళ్ళకు అది చిన్న విషయం కాదు. తోతో సంతలో నడుముకు చుట్టుకునే కోక గుడ్డ కొలవాలంటే ఒక కొస ఎడమ చేత్తో పట్టుకుని, రెండో చేతిని చాపగలిగినంత చాపి, అక్కడ వేలితో నొక్కిపెట్టి "ఇదిగో బార" అనాలి. కొనేవాళ్ళకు చూడముచ్చటగా ఉంటుంది, అమ్మేవాళ్ళకు దర్జాగా ఉంటుంది. పెత్రోనా మాత్రం గుడ్డను ఒళ్ళో పరుచుకుని, బొటనవేలూ చిటికెనవేలూ పాకిస్తూ జానలు లెక్కపెట్టేది. ఎనిమిది జానలు కాగానే మడతపెట్టి, బార అయిందనేది. కొనే ఆడవాళ్ళు ఆ గుడ్డను ఎగాదిగా చూసి, పెద్దదాన్ని పిలిచే నాన్ పిలుపుతోనే, నీ బార బొటాబొటీగా ఉందేం నాన్ పెత్రోనా అని, మర్యాదగా కింద పెట్టి, ఎదురు వరసలోని సెబా దగ్గరికి పోయేవారు.

ఆ సెబా పరాయిది కాదు, సొంత తోడికోడలు. అందుకే ఇంత మంట.

కథ మొదటి నుంచి చెప్పాలి. పదిహేడో ఏట పెత్రోనా పెద్దకోడలుగా చువిశాక్ ఊళ్ళో అడుగుపెట్టింది. అత్త నాన్ మికాయెలా చేతికింద పదిమంది నేసేవాళ్ళుండేవారు. పెరట్లో మేకులు పాతి, వాటి మధ్య నూలు నడిపిస్తూ పడుగు పోసి వాళ్ళకిచ్చేది. ఆ పడుగు కొలిచే పని కొత్తకోడలికి అప్పగించింది. పెత్రోనా పొట్టిది, చేతులు ఇంకా పొట్టివి. అయినా రెండేళ్ళు వంక పెట్టడానికి వీల్లేకుండా చేసింది. ఆ ఇంట్లో నూలు కొలిచేది తనేనన్న మాట తలుచుకుంటే చాలు, పొద్దున్నే లేవబుద్ధయ్యేది.

రెండేళ్ళకు చిన్నకొడుకు మొమోస్ ఊరి వైపు నుంచి పెళ్ళాన్ని తెచ్చుకున్నాడు. పేరు ఎవుసేబియా, అందరూ సెబా అనేవారు. గుమ్మంలో తల వంచి లోపలికి వచ్చిన ఆడమనిషిని ఆ ఊరు అప్పుడే మొదటిసారి చూసింది. మూడోరోజు పొద్దున అత్త ఆమెను పెరట్లో నిలబెట్టి చేతులు చాపమంది. చాపింది. అత్త ఆ కొస నుంచి ఈ కొసకు చూసి, పెత్రోనా వైపు తిరిగింది.

"నీకెందుకమ్మా ఈ అవస్థ, కోడిపిల్ల రెక్కలు అల్లార్చినట్టు. నూలు ఆ పిల్లకిచ్చేయ్. నువ్వొచ్చి నా తల దువ్వు."

నేసేవాళ్ళు నవ్వారు. సెబా కూడా నవ్విందనే పెత్రోనా నమ్మకం. నవ్వలేదని సెబా తర్వాత ఎన్నిసార్లు చెప్పినా నమ్మలేదు. ఆ రోజు నూలు ఉండ తోడికోడలి చేతిలో పెట్టి, పొయ్యి పక్కన కూర్చుని అత్త తల దువ్వింది. అత్త పోయేవరకు, పదకొండేళ్ళు, రోజూ దువ్వింది. ఇది తనకు పడిన శిక్ష అనే అనుకుంది.

తర్వాత కాపురాలు వేరుపడ్డాయి. పెత్రోనా భర్త దియేగో జ్వరంతో పోయాడు. ఇద్దరూ చెరో దుకాణం పెట్టుకున్నారు. సంతలో జాగా పంచిన పెద్దమనిషికి వేరే చోటే దొరకనట్టు ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టాడు. ఇక ప్రతి శనివారం పెత్రోనా సరుకు పరుచుకుని కూర్చోవడం, సెబా ఎదురుగా లేచి చేతులు చాపడం, దారినపోయే వాళ్ళంతా ఆగి చూడడం. ఎన్నిసార్లు చాపిందో పెత్రోనా తన సరుకు లెక్క మరిచిపోయి మరీ లెక్కపెట్టేది. ఒక వానాకాలం సెబాకు భుజం పట్టేసింది. అప్పుడు పెత్రోనా ఊరిని కాచే సాన్ మిగెల్ గుడికి వెళ్ళి కొవ్వొత్తి వెలిగించింది. నొప్పి పెంచమని అడగలేదు, అంత పాపిష్ఠిది కాదు. తొందరపడి తగ్గించవద్దని మాత్రం వేడుకుంది. నాలుగు వారాలకే తగ్గిపోయింది. దేవుడు కూడా పొడుగువాళ్ళ పక్షమేనని ఏడాదిపాటు గుడి ముఖం చూడలేదు.

పెద్ద భూకంపానికి రెండేళ్ళ ముందు, మొక్కజొన్న కంకులు పాలు పోసుకునే రోజుల్లో, షేలా పట్నం నుంచి దోన్యా ఒఫేలియా అనే దొరసాని బస్సు దిగి సంతకు వచ్చింది. షేలాలో ఆమెకు అంగడి ఉంది. అక్కడి నుంచి సరుకు రాజధానికి పోతుంది. ఆమెకు కావలసినవి నలభై నడికట్లు, ఒక్కొక్కటి మూడు గజాలు. వేలెడు తగ్గినా తీసుకోదు. నచ్చితే మూడు నెలలకొకసారి మళ్ళీ నలభై. సంతలో కూర్చుని ఒక్కో నడికట్టుకు ఒక్కో గంట బేరమాడే వాళ్ళకు అది ఎంత పెద్ద మాటో చెప్పనక్కర్లేదు. అది దొరికినవాళ్ళు ఇక వాన వచ్చినా, సంత తేలిపోయినా భయపడే పని లేదు.

దొరసాని ముందు సెబా దగ్గరికే వెళ్ళింది. అందరూ వెళ్ళినట్టే. గజాలూ గిజాలూ నాకు తెలియవమ్మా, ఇవిగో నా చేతులు, ఇవే నా కొలత అని సెబా నవ్వుతూ చేతులు చాపి చూపించింది. దొరసాని కూడా నవ్వి, మీ చేతులను నా అంగట్లో తగిలించుకోలేను కదా అంది.

పెత్రోనా ఎదురు వరసలోంచి విన్నది. సెబాకు తెలియనిది ఒకటి ఈ లోకంలో ఉందని ఆమె చెవులు నమ్మలేదు. తను ఎప్పుడు లేచిందో, ఎప్పుడు దారి దాటిందో తెలియదు.

"నాకు తెలుసమ్మా గజాలు. మూడు గజాలేగా, నేనిస్తా."

నిజానికి ఆమెకూ తెలియదు. గుడ్డల షావుకారు నికనోర్ కొట్లో ఇత్తడి పొన్నులు వేసిన గజంబద్ద ఉందని తెలుసు, అంతే. అది తన జానల్లో ఎంతో, బారలో ఎంతో అడిగితే తెల్లముఖం వేసేది. దొరసాని అడగలేదు. నూలుకు బయానా ఇచ్చి, సాన్ మిగెల్ పండుగ ముందు శనివారం వస్తానని బస్సెక్కింది. సెబా మాత్రం పెత్రోనాను కొంచెంసేపు చూసి, మంచిదే అక్కా అంది. ఆ మంచిదేలో ఏముందోనని పెత్రోనా ఇల్లు చేరేవరకూ కెలుక్కుంటూనే ఉంది.

షావుకారును గజమంటే ఎంత అని అడిగితే సాయంత్రానికి సంతంతా తెలిసిపోతుంది. అందుకని పెత్రోనా ఒక ఉపాయం చేసింది. నికనోర్ కొట్టుకు వెళ్ళి, జడకు కట్టుకుంటానని గజం ఎర్ర రిబ్బను కొనుక్కుంది. ఆయన బద్దతో కొలిచి కత్తిరించి ఇచ్చాడు. అంతే, గజం ఆమె గుప్పిట్లోకి వచ్చేసింది.

ఇంటికి వచ్చి తలుపు వేసుకుని రిబ్బను మీద జానలు పాకించింది. అయిదు జానలు పట్టింది. ఇక తెలియవలసింది బార. నేసేవాళ్ళకు జాన లెక్క చెబితే ఒప్పుకోరు, పడుగు ఎప్పుడూ బారల్లోనే పోస్తారు. బారకు ఎన్ని గజాలో తెలుసుకోవడానికి ఎంతసేపు, చేతులు చాపి రిబ్బను ఆనిస్తే సరి. ఇంట్లో పిల్లి తప్ప ఎవరూ లేరు. అయినా చేతులు లేవలేదు. నలభై ఏళ్ళ కిందటి నవ్వులు చెవుల్లో ఉంటే ఎలా లేస్తాయి?

తర్వాతి శనివారం సెబా దగ్గర బారెడు గుడ్డ కొనుక్కుని వెళ్తున్న ఒక పల్లెటూరి ఆమెను పెత్రోనా దారిలో ఆపింది. రంగులు బాగున్నాయమ్మా, ఒక్కసారి చూడనీ అని చేతిలోకి తీసుకుని, మాటల్లో పెట్టి రిబ్బనుతో కొలిచేసింది. రెండుసార్లు పట్టింది. దారప్పోగంత కూడా తేడా లేదు. బార రెండు గజాలు! మరి మూడు గజాలంటే బారన్నర. లెక్క తేలినందుకు ఒక పక్క సంబరం. ఇంకో పక్క తన ఎనిమిది జానల బార ఇన్నేళ్ళూ రెండు జానలు తక్కువేనని తెలిసి కడుపు మండిపోయింది. జనం అన్నదాంట్లో అబద్ధం లేదన్నమాట. అది ఇంకా మంట.

ఆమె కింద నేసేవాళ్ళు అయిదుగురు, తలా ఎనిమిది నడికట్లు. అందరినీ పిలిచి నూలు పంచింది. ఎర్ర రిబ్బనును మూడుసార్లు ఆనించి ఒక దారం తెంపి ఇచ్చి ఉంటే ఈ కథే లేదు. కానీ ఆ దారం చేయి దాటితే, వాళ్ళలోని కాందెలారియా నోటి పుణ్యమా అని మర్నాటికే సెబా ఇంట్లో ఉంటుంది. కాందె నేతలో మేటి, కానీ నోట్లో నువ్వుగింజ నానదు. అందుకని పెత్రోనా రిబ్బను రవికెలో దోపుకుని, నోటి మాటతోనే చెప్పింది, ఒక్కొక్కటీ బారన్నర అని.

"ఎవరి బార, నాన్?" అంది కాందె.

ఆ పిల్ల మామూలుగానే అడిగింది. పెత్రోనాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. తన చేతుల మీద ఎత్తిపొడుపే అనుకుంది.

"బారంటే బారే. ఈ వయసులో నీకు కొత్తగా నేర్పాలా?"

కాందె మిగిలిన వాళ్ళ ముఖాలు చూసి, నూలు చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత పది వారాలు పెత్రోనా నడకే మారిపోయింది. సంతలో సెబా చేతులు చాపితే చూసీ చూడనట్టు ఊరుకునేది. లెక్కపెట్టడం కూడా మానేసింది. చాపుకో తల్లీ, ఎంతసేపు చాపుకుంటావో అని మనసులో అనుకుని, బుట్టలోంచి మొక్కజొన్న పిండి తమాలె తీసి తాపీగా ఆకు విప్పుకుని తినేది.

పండుగ ముందు సోమవారం నడికట్లన్నీ వచ్చాయి. మొక్కజొన్న మొలకలు, చిన్న చిన్న లేళ్ళు, కొండల వరసలు, ఎంత బాగా నేశారో! పెత్రోనా మొదటిది విప్పి, రవికెలోంచి రిబ్బను తీసి ఆనించింది. ఒక గజం, రెండు గజాలు. మూడోది సగం కూడా కాకుండానే కొస చేతికి వచ్చింది.

మళ్ళీ కొలిచింది. ఇంకొకటి విప్పింది. అది ఇంకో నాలుగు వేళ్ళు తక్కువ. నలభై విప్పింది. నలభైకి నలభై తక్కువే, పైగా అయిదుగురివీ అయిదు రకాల పొడుగులు. నడుముకు కట్టుకుని నేసే మగ్గం మీద గుడ్డ నాలుగు వైపులా అంచు మూసుకుని దిగుతుంది. దానికి ఒక్క పోగు కలపడానికి లేదు. అతుకు వేస్తే అది నడికట్టు కాదు, మాసిక. పెత్రోనా ఆ రంగుల కుప్ప మధ్యనే కూలబడింది.

కబురు పెడితే కాందె వచ్చింది. బారన్నర అంటే ఇంతేనా అని పెత్రోనా అరిచింది. కాందె కోపం తెచ్చుకోకుండా తన నడికట్టు ఒకటి తీసి, కొస పట్టుకుని చేతులు చాపింది. ఆమె కూడా పెత్రోనా అంత పొట్టిదే. ఒక బార, పైన సగం. పోగు ఎక్కువ లేదు, తక్కువ లేదు.

"నా చేతులతో బారన్నర ఇదే నాన్. నువ్వు చెప్పింది ఎవరి బార మరి?"

జవాబు పెత్రోనా నాలుక మీదే ఉంది, చేదుగా. అయిదుగురు ఆడవాళ్ళు ఎవరి చేతులతో వాళ్ళు నూలు కొలుచుకున్నారు. లోకంలో ఎవరైనా అలాగే కొలుచుకుంటారు. ఒక్క తన తలలోనే బార అంటే సెబా చేతులు. కాదనుకుంటూ, తిట్టుకుంటూ, ముప్పై ఏళ్ళు ఆ చేతులనే చూసి చూసి, ఇంకొకరికి కూడా బార ఉంటుందన్న సంగతే మరిచిపోయింది. దొరసాని శనివారం వస్తుంది. నూలు లేదు, రోజులు లేవు.

బుధవారం మధ్యాహ్నం పెత్రోనా సున్నపు నీళ్ళలో మొక్కజొన్న ఉడికిస్తూండగా గుమ్మంలో తల వంచి సెబా లోపలికి వచ్చింది. నెత్తిమీద పెద్ద మూట ఉంది. కాందె నోరు ఊరుకోలేదన్నమాట. పెత్రోనా కూర్చోమనలేదు. సెబా తనే మూట దించి, విప్పి, చాప మీద పరిచింది. నలభై నడికట్లు. సెబా తన కింద నేసేవాళ్ళందరికీ పడుగు తనే పోస్తుంది కాబట్టి అన్నీ ఒకే పొడుగు. పెత్రోనా రిబ్బను తియ్యనక్కర్లేదు, కంటితోనే తెలుస్తోంది. బారన్నర. మూడు గజాలు.

"పండక్కి అమ్ముదామని దాచినవి అక్కా. తీసుకో. ఆ దొరసానికి నీవేనని ఇచ్చుకో, నేనెవరికీ చెప్పను."

పెత్రోనా ఆ నడికట్ల వైపు చూడకుండా కుండలో గరిటె తిప్పుతూ, ఊరికే ఇవ్వడానికి నువ్వేమీ సాన్ మిగెల్‌వి కాదుగా, బదులేం కావాలో అది చెప్పు అంది. సెబా చాప అంచు గోటితో గీరుతూ కూర్చుంది.

"అత్త దువ్వెన ఇయ్యి."

పెత్రోనాకు వెంటనే గుర్తు కూడా రాలేదు. రెండు పళ్ళు ఊడిన కొమ్ము దువ్వెన. నూలు చిక్కు తియ్యడానికి వాడి వాడి బుట్టలో ఎక్కడో పారేసింది. దాంతో నీకేం పని అని అడిగింది.

సెబా అప్పుడు మాట్లాడింది. ఎన్నో ఏళ్ళు లోపల పెట్టుకున్న మాటలు, ఒకదాని వెనక ఒకటి వచ్చేశాయి.

"పదకొండేళ్ళు నన్ను పెరట్లో మేకుల మధ్య నిలబెట్టింది అక్కా. మంచు కురిసినా అక్కడే, ఎండ కాసినా అక్కడే. నువ్వేమో పొయ్యి దగ్గర కూచుని తల దువ్వేదానివి. ఇద్దరూ ఏదో చెప్పుకుని నవ్వుకునేవోళ్ళు. ఆ నవ్వు నాకు బయటికి వినపడేది. నా చేతులే చూసింది గానీ, ఒక్కనాడన్నా వచ్చి పక్కన కూచోమన్న పాపాన పోలేదు. పోయేరోజు కూడా పెత్రోనా ఏది, పెత్రోనా ఏది అనే అడిగింది. నిన్ను చూసి నేనెంత కుళ్ళి చచ్చానో నీకేం తెలుసు."

పెత్రోనా చేతిలోని గరిటె ఆగిపోయింది. మొక్కజొన్న పొంగి పొయ్యిలో పడుతున్నా చూడలేదు. చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, ఆ క్షణాన ఆమెకు జాలి వెయ్యలేదు. సంతోషం వేసింది. పట్టరానంత సంతోషం. తనను చూసి ఒకరు కుళ్ళుకున్నారు! అదీ సెబా! పొయ్యి దగ్గర కూర్చుని దువ్విన ఆ పదకొండేళ్ళూ ఒక్కసారిగా రంగు మారిపోయాయి. అత్త కళ్ళు మూసుకుని తన మోకాళ్ళకు వీపు ఆనించడం, పక్కింటివాళ్ళ గుట్టు గుసగుసగా చెప్పడం, ఇద్దరూ నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వడం, అన్నీ నిన్ననే జరిగినట్టు గుర్తుకొచ్చాయి. ఇంత ఉందా తన దగ్గర!

లేచి వెళ్ళి బుట్టలన్నీ వెతికింది. దువ్వెన నూలు బుట్ట అడుగున దొరికింది. పళ్ళ మధ్య ఇరుక్కున్న పీచు ఊది, చెంగుతో తుడిచింది. ఇచ్చేద్దామనే తెచ్చింది. ఇస్తే నలభై నడికట్లు తనవి, మూడు నెలలకొకసారి దొరసాని తనది, సంతలో తలెత్తుకుని కూర్చోవచ్చు. చెయ్యి సగం చాపింది కూడా. సెబా పొడుగాటి చెయ్యి అందుకోవడానికి ముందుకు వచ్చింది. ఆమె చూపు దువ్వెన మీంచి కదలడం లేదు. అది చూశాక పెత్రోనా గుప్పిట బిగుసుకుపోయింది. నిన్నటిదాకా చెత్తలో ఉన్న దువ్వెన ఇప్పుడు ప్రాణమైపోయింది.

"ఇవ్వను. నీ నడికట్లు నువ్వు పట్టుకుపో. దొరసానికి నువ్వే ఇచ్చుకో."

దొరసానిని ఎవరైనా వదులుకుంటారా అని సెబా అడిగితే, నీ బార నా పేరు మీద అమ్ముడుపోవడం కంటే అదే నయం అంది పెత్రోనా. మూట కట్టుకుని సెబా గుమ్మం దాటబోతూండగా మళ్ళీ పిలిచింది.

"బారకి రెండు గజాలు. ఆమె మూడు గజాలంటే బారన్నరని తెలుసుకో. నీ చేతులు నీకే తెలీవు. కొలిచి కనుక్కున్నది నేను."

శనివారం పెత్రోనా సంతకు వచ్చింది. జడ చుట్టి, ముడిలో అత్త దువ్వెన గుచ్చుకుని వచ్చింది. ఎదురుగా ఉన్నవాళ్ళకు బాగా కనపడేటట్టు తల కొంచెం పక్కకు తిప్పి కూర్చుంది. దొరసాని రాగానే దాచకుండా చెప్పేసింది. నావి తక్కువొచ్చాయమ్మా, లెక్క నాదే తప్పు, మీకు కావలసినవి అదుగో ఆ ఎదురుగా ఉన్నాయి అని. నూలు బయానా తిరిగి ఇచ్చింది. దానికోసం ఇంట్లోని పందిని అమ్మవలసి వచ్చింది. దొరసాని ఎదుటి వరసకు వెళ్ళి, టేపు తీసి నాలుగైదు కొలిచి చూసి, నలభై కట్టించుకుంది. మూడు నెలల తర్వాత మళ్ళీ వస్తానని సెబాకే చెప్పి వెళ్ళింది.

అంతా పెత్రోనా కళ్ళ ఎదుటే జరిగింది. కళ్ళల్లో నిప్పులు పోసుకున్నట్టయింది. తనే ఇచ్చింది, తనే పోగొట్టుకుంది, అయినా చూడలేకపోయింది. ఎందుకు ఇచ్చానురా భగవంతుడా అని లోపల్లోపల ఏడ్చింది. సెబా మాత్రం దొరసానితో మాట్లాడుతున్నంతసేపూ పెత్రోనా ముడి వైపే చూస్తోంది. ఆ చూపు ఒక్కటే ఆ పొద్దున పెత్రోనాకు చల్లగా తగిలింది.

కాసేపటికి ఒక పొట్టి ఆడమనిషి వచ్చి ఆ తక్కువ నడికట్లలో ఒకటి నడుముకు చుట్టి చూసుకుంది. ఎదురు దుకాణంలోవి నాకు మరీ ఎక్కువ చుట్లు వస్తాయి, ఇది సరిపోయింది, పొడుగెంత అని అడిగింది. జానలు లెక్కపెట్టబోయి పెత్రోనా ఆగింది. లేచి నిలబడింది. నడికట్టు కొస పట్టుకుని, ముప్పై ఒక్క ఏళ్ళలో మొదటిసారి సంత నడుమ చేతులు చాపింది.

"బారన్నర. నా బార."

ఎవరో నవ్వారు. పెత్రోనా చేతులు దించలేదు. పొట్టి మనిషి కూడా చేతులు చాపి, పక్కన నిలబడి సరిచూసుకుని, నా బారా ఇంతే కదా అని కొనుక్కుపోయింది. ఆ రోజు పదకొండు పోయాయి. మిగిలినవి పెట్టెలో చాలాకాలం ఉండిపోయాయి. నేసేవాళ్ళలో ఇద్దరు ఇక పెత్రోనా నూలు ముట్టలేదు. కాందె మాత్రం వస్తూనే ఉంది. ఆ తర్వాత నుంచి పెత్రోనా నూలుతో పాటు పొడుగు కొలిచిన దారం కూడా ఇవ్వడం మొదలుపెట్టింది.

సంత సర్దే వేళకు సెబా దారి దాటి వచ్చింది. వచ్చి పెత్రోనా ముందు నేలమీద, వీపు ఆమె వైపు పెట్టి కూర్చుంది. అంత పొడుగు మనిషి కూర్చున్నాక చిన్నపిల్లలా అయిపోయింది. జడ తనే విప్పుకుంది.

"దువ్వెన ఇవ్వొద్దులే. దువ్వు," అంది.

పెత్రోనా చుట్టూ చూసింది. చూసేవాళ్ళు చూస్తున్నారు. ముడిలోంచి దువ్వెన తీసింది. ఎక్కడ చిక్కు ఉంటే అక్కడ వేళ్ళతో పట్టుకుని, నొప్పి పుట్టకుండా, అత్తకు దువ్వినట్టే పైనుంచి కిందికి దువ్వింది. సెబా వీపు మెల్లగా ఆమె మోకాళ్ళకు ఆనుకుంది. పెత్రోనా కళ్ళు ఒకసారి చెమ్మగిల్లిన మాట నిజం.

కానీ అలవాటు ఊరుకోనిస్తుందా? చిక్కు తీస్తూనే ఆమె వేళ్ళు జుట్టు మీద జానలు పాకించాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. నమ్మకం కుదరక రవికెలోంచి ఎర్ర రిబ్బను తీసి పక్కన ఆనించింది. నిండు గజం. తన జడ విప్పితే మూడు జానలు కూడా రాదు. మళ్ళీ అదే పాత మంట, కడుపులో అదే చోట చురుక్కుమంది.

వంగి దగ్గరగా చూసింది. సగానికి సగం తెల్ల వెంట్రుకలు ఉన్నాయి. పోనీలే అనుకుని, ఆ రిబ్బనుతోనే జడ అల్లి ముడివేసింది.